పరుపు మారింది... గుంట మారలేదు!

మన సినిమాల్లో శోభనం సీనుకి పందిరిమంచం తప్పదు. తెల్లటి పరుపు, దాని మీద పరిచిన మల్లెపూలు, పక్కన వెండి పాలగ్లాసు... ఆ పూల కింద ఉన్న పరుపు ఎలాంటిదో ఏ ప్రేక్షకుడూ అడగడు. అడగనవసరమూ లేదు. షాటు ఓకే కాగానే హీరో ఓ కారులో, హీరోయిన్ మరో కారులో ఎక్కి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళి హాయిగా పడుకుంటారు. కెమెరాకి పైన దుప్పటి బావుంటే చాలు. మన నడుముకి అది చాలదు. దానికి లోపలి సరుకు కావాలి.

ఈ వారం కబురు ఆ లోపలి సరుకు గురించే.

గాజువాకలో మా అక్కయ్య వాళ్ళింట్లో కిందటేడాది నాలుగు నెలల పాటు ఒక సీరియల్ నడిచింది. హీరో, హీరోయిన్, విలన్ అన్నీ పరుపే! బావగారికి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. సి షిఫ్టు పడిందంటే రాత్రంతా అక్కడే. తెల్లారి ఇంటికొచ్చి, ఊరంతా హారన్లు కొట్టుకుంటూ తిరిగే వేళ కిటికీలు మూసుకుని పడుకోవాలి. ఆ పగటి నిద్ర సరిగ్గా పట్టకపోతే మర్నాడు యంత్రాల మధ్య కునుకు వస్తుంది. అక్కడ కునుకు వస్తే ఏమవుతుందో స్టీల్ ప్లాంటు ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి అక్కయ్య పదమూడు వేల అయిదు వందలు పోసి కొత్త ఫోమ్ పరుపు కొన్నది ముచ్చటకి కాదు, ఆ నిద్ర కోసం.

ఊళ్ళోనే ఒక దుకాణం. పేరెందుకు లెండి. బిల్లు మీద శుభ్రంగా రాసిచ్చారు: ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం, 40 డెన్సిటీ. ఏడేళ్ళ వారంటీ.

ఇరవై రోజులు తిరక్కుండానే బావగారు పడుకునే వైపు గుంట పడింది. ఫోను చేస్తే దుకాణం ఓనరుగారు, "కొత్త పరుపు కదమ్మా, వాడుక పడాలి. అదే సర్దుకుంటుంది" అన్నాడు. సర్దుకుంది... ఇంకాస్త కిందికి! మళ్ళీ ఫోను. పది రోజులకి ఒకాయన వచ్చి, పరుపు మీద అడ్డంగా దారం కట్టి, కొలబద్ద పెట్టి, సెల్‌ఫోనుతో నాలుగు ఫోటోలు తీసుకుని, "సముద్రపు గాలి అండీ, తేమకి ఫోమ్ మెత్తబడిపోద్ది" అని తేల్చేశాడు.

ఏవండీ, ఈ ఊరికి సముద్రం నిన్న మొన్న వచ్చిందా? ఓడరేవు మొదలైందే 1933లో! వైజాగ్‌లో దుకాణం పెట్టి, వైజాగ్ వాళ్ళకి పరుపులమ్మి, తప్పు సముద్రం మీదకి తోసేస్తే ఎలా? ఇక్కడి గాలికి ఆగని సరుకైతే ఆ మాట అమ్మేటప్పుడు చెప్పాలి.

సరే, కాస్త గట్టిగా అడిగేసరికి "మార్చి ఇస్తాం" అన్నారు. రెండో పరుపు వచ్చింది. నెల తిరక్కుండా రెండో గుంట. "మార్చి ఇస్తాం" అన్నారు మళ్ళీ. మొదటిది ఒరిజినల్, రెండోది రీమేక్, రాబోయే మూడోది డబ్బింగ్. కథ మాత్రం ఒక్కటే!

ఇక ఫోన్లో ఆ ఓనరుగారి కబుర్లు... 1982లో జంధ్యాలగారి 'నాలుగు స్తంభాలాట' వచ్చాక వీరభద్రరావు, వేలు ఇద్దరికీ 'సుత్తి' ఇంటిపేరైపోయింది కదా. వాళ్ళ సుత్తికి హాలంతా నవ్వింది. ఈయన సుత్తికి అక్కయ్యకి ఏడుపొచ్చింది. కంపెనీకి రాశామమ్మా, లారీ దార్లో ఉందమ్మా, గోడౌన్ కీపరు సెలవమ్మా, దసరా రద్దీ అమ్మా... మాటలో మర్యాద ఒక్క వీసం తగ్గదు. రోజులు మాత్రం గడిచిపోతుంటాయి.

పాఠకులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఈ వారం నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే. "మార్చి ఇస్తాం" అనే మాట వినడానికి ఉపకారంలా ఉంటుంది. ఒకసారి అయితే ఉపకారమే కావచ్చు. రెండోసారి, మూడోసారి కూడా అదే మాటైతే అది ఉపకారం కాదు, కేలండరు తిప్పడం! మనం పరుపు కోసం ఎదురు చూస్తుంటాం, వాళ్ళు మన విసుగు కోసం ఎదురు చూస్తుంటారు. చాలా వారంటీ కార్డుల్లో చిన్నక్షరాలతో ఒక సంగతి ఉంటుంది: మార్చి ఇచ్చిన పరుపుకి కొత్త వారంటీ ఉండదు, మొదటి బిల్లు తారీఖు నుంచే లెక్క. గుంట ఇంత లోతు దాటితేనే లోపమని మరో షరతు. మరక పడితే వారంటీ చెల్లదని ఇంకోటి. సంవత్సరాలు గడిచేకొద్దీ మనకి రావలసిన సొమ్ము తరుగుతూ పోయే లెక్క కూడా కొన్నిట్లో ఉంటుంది. అంటే గడిచే ప్రతి రోజూ వాళ్ళ ఖాతాలో జమ, మన ఖాతాలో ఖర్చు.

ఈ సీరియల్‌ని మలుపు తిప్పినది ఎవరనుకున్నారు? నేను కాదు. ఊరి నుంచి వచ్చిన అక్కయ్య అత్తగారు. ఆవిడ రెండో పరుపుని చేత్తో అటూ ఇటూ నొక్కి చూసి, "ఎన్ని కిలోలే ఇది?" అన్నారు.

అందరం నవ్వాం. పరుపుకి కిలోలేమిటి? ఆవిడ నవ్వలేదు. "మా రోజుల్లో దూది తూచే కుట్టించుకునేవాళ్ళం. ఎంత దూది పడితే అంత పరుపు. లోపలేముందో చూడకుండా, బరువెంతో అడక్కుండా ఇన్ని వేలు పోశారా?" అన్నారు.

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. పాతరోజుల్లో దూదేకే అతను భుజాన విల్లు వేసుకుని వీధిలోకి వచ్చేవాడు. అరుగు మీదో, పెరట్లోనో కూర్చుని, మన కళ్ళముందే పాత పరుపు విప్పి, దూది ఏకి, ఎండలో ఆరబెట్టి, తగ్గిన దూది కలిపి మళ్ళీ కుట్టేవాడు. బూరుగు దూదో, పత్తి దూదో ఇంటావిడ వేళ్ళతో పట్టుకుని చూసేది. మోసానికి చోటే లేదని నేననను గానీ, మోసం చేయాలంటే అతను ఆవిడ కళ్ళముందే చేయాలి. ఇప్పుడు పరుపు కుట్టేసి, గుడ్డ తొడిగి, దాని మీద పాలిథిన్ చుట్టి వస్తుంది. కవరు విప్పి చూద్దామంటే "కుట్టు ఊడితే వారంటీ పోతుంది" అంటారు. దూదిని తూకంతో కొన్న మనం ఫోమ్‌ని అంగుళాలతో కొంటున్నాం. కిటుకంతా అక్కడే ఉంది.

అత్తగారి మాట పట్టుకుని నేనూ అక్కయ్యా కాగితం కలం పట్టుకు కూర్చున్నాం. డెన్సిటీ అంటే మరేమీ కాదు, ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. 40 డెన్సిటీ అంటే ఘనపు మీటరుకి 40 కిలోలు. ఒక ఘనపు మీటరుకి సుమారు 35 ఘనపు అడుగులు. ఆరడుగులు, అయిదడుగులు, నాలుగంగుళాలు - అంటే అడుగులో మూడోవంతు. గుణిస్తే సరిగ్గా పది ఘనపు అడుగులు. 40 డెన్సిటీ అయితే ఈ పరుపు 11 కిలోల 300 గ్రాములు తూగాలి. 32 డెన్సిటీ అయితే తొమ్మిది కిలోల పైచిలుకు. పైన తొడిగిన గుడ్డ బరువు దీనికి అదనం.

వీధి చివర కిరాణా కొట్లో బియ్యం బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాటా ఉంది. బావగారూ నేనూ ఆ పరుపుని చుట్టచుట్టి మోసుకెళ్ళి కాటా మీద పెట్టాం. వీధిలో పిల్లలంతా మా వెనకాలే ఊరేగింపు! కాటా చూపించింది... గుడ్డతో కలిపి 9 కిలోల 600 గ్రాములు.

కొన్నది 40. ఇంట్లో పడుకున్నది 32కి కూడా తక్కువ!

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. చేత్తో నొక్కితే గట్టిగా ఉన్నంత మాత్రాన ఫోమ్ మంచిదని కాదు. పైగా ఫోమ్‌లో సుద్దపొడిలాంటివి కలిపి బరువు పెంచే విద్య కూడా ఉంది. కాబట్టి బరువు సరిపోయిందంటే సరుకు మేలైనదని నమ్మకం లేదు. కానీ బరువు తగ్గిందంటే మాత్రం చెప్పిన డెన్సిటీ లేనట్టే. ఇంకో మాట, ఈ లెక్క మొత్తం ఫోమ్‌తో చేసిన పరుపుకే. కొబ్బరిపీచుకి రబ్బరుపాలు పట్టించి చేసే పరుపులకీ, స్ప్రింగు పరుపులకీ పనికిరాదు. రెండు మూడు రకాల పొరలు అతికించిన పరుపైతే ఏ పొర ఎంత మందమో, ఏ డెన్సిటీయో విడివిడిగా బిల్లు మీద రాయించుకోవాలి.

వారం తిరిగేసరికి ట్రాలీ ఆటోలో మూడో పరుపు దిగింది. తెచ్చిన కుర్రాడు చెమటలు కక్కుతూ, "అమ్మగారూ, సరుకు బావున్నట్టు ఇక్కడ సంతకమెట్టేయండి, ఇంకా మూడిళ్ళు తిరగాల" అన్నాడు. అక్కయ్య అతనికి మంచినీళ్ళిచ్చింది. వాడిమీద కోప్పడి ప్రయోజనం లేదు. పరుపు తయారుచేసిందీ వాడు కాదు, అమ్మిందీ వాడు కాదు. తర్వాత పాలిథిన్ కూడా విప్పకుండా పరుపుని ఆ ఆటోలోనే కిరాణా కొట్టు దాకా తీసుకెళ్ళి తూయించింది. 9 కిలోల 500 గ్రాములు! రశీదు మీద 'బావుంది' అనే అచ్చుమాట కొట్టేసి, తన చేతిరాతతో ఇలా రాసింది: "కవరు విప్పలేదు. తూకం 9 కిలోల 500 గ్రాములు. బిల్లులో రాసిన సరుకు కాదు. పుచ్చుకోవడం లేదు." కింద సంతకం, తారీఖు. దానికో ఫోటో.

కుర్రాడు అది చదివి తల గోక్కున్నాడు. "మాకేటి తెలుసమ్మా" అని పరుపుతో సహా వెళ్ళిపోయాడు. కానీ పోతూ పోతూ, "మంచి పనే సేశారమ్మా, ఇయ్యి తిరిగి తిరిగి మా నడుములిరుగుతున్నాయి" అన్నాడు. ఈ కథలో నడుము పోయినవాళ్ళు ఒక్క బావగారే కాదన్నమాట!

అన్నట్టు, సినిమా పత్రికలో ఈ పరుపుల గోలేమిటని విసుక్కునేవాళ్ళకి ఒక సినిమా సంగతి. 2016లో షారుఖ్ ఖాన్ 'ఫ్యాన్' వచ్చింది. ట్రైలర్లో ఊదరగొట్టిన పాట సినిమాలో లేదని ఒక ప్రేక్షకురాలు వినియోగదారుల కేసు వేసింది. రాష్ట్ర కమిషనూ, జాతీయ కమిషనూ ఆమెకి పరిహారం ఇమ్మన్నాయి. నిర్మాతలు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2024 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ తీర్పుల్ని కొట్టేసింది. ట్రైలరు అనేది ఊరించడానికి వేసే ప్రచారమే గానీ, చూపిందంతా సినిమాలో ఉంటుందన్న ఒప్పందం కాదని చెప్పింది.

మరి పరుపు సంగతి? దుకాణంలో కుర్రాడు "మేఘాల మీద తేలినట్టుంటది సార్" అనడం ట్రైలరు. బిల్లు మీద '40 డెన్సిటీ' అని రాయడం సినిమా. మేఘాల మీద తేలలేదని ఎవరూ కేసు వేయలేరు. కానీ సరుకు గురించి అమ్మినవాడు చెప్పుకున్న ప్రమాణానికి తగ్గితే, చట్టం దాన్ని లోపం కిందే లెక్కేస్తుంది. నోటిమాటైనా లెక్కే గానీ, నిరూపించడానికి తలప్రాణం తోకకొస్తుంది. అందుకే బిల్లు. అందుకే బిల్లు మీద వివరాలు.

పరుపుల ప్రకటనల్లో నవ్వుతూ పడుకునే తారలకీ ఇందులో వాటా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటించి సరుకుని మెచ్చుకున్నవాళ్ళకి కూడా పది లక్షల దాకా జరిమానా వేయవచ్చు. మళ్ళీ మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా. ప్రకటనల్లో కనిపించకుండా ఏడాది పాటు నిషేధించనూవచ్చు. చెప్పే మాటల్లో నిజమెంతో ముందుగా విచారించుకున్న తారకి మాత్రం ఆ భయం లేదు. మన అభిమాన తారలు కూడా ఓసారి పరుపు తూచి చూస్తే మంచిదేమో!

సరే, అక్కయ్య దగ్గరికొద్దాం. ఆవిడ నాలుగో పరుపు అడగలేదు. ఒక తెల్లకాగితం తీసుకుని ఒకే ఒక పేజీ ఉత్తరం రాసింది. కొన్న తారీఖు, బిల్లు నంబరు, ఫోన్లు చేసిన తారీఖులు, మూడు పరుపులు వచ్చిన తారీఖులు, రెండు తూకాలు. చివర్న ఒక్క వాక్యం: "నాకు మార్పిడి అక్కర్లేదు. పదిహేను రోజుల్లో నా పూర్తి సొమ్ము తిరిగి ఇప్పించగలరు." తిట్లు లేవు, కన్నీళ్ళు లేవు. దుకాణానికి ఒకటి, తయారుచేసిన కంపెనీకి ఒకటి స్పీడ్ పోస్టులో పంపి రశీదులు దాచింది. అదే రోజు 1915కి ఫోను చేసింది. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. తెలుగులోనే మాట్లాడవచ్చు, పైసా ఖర్చు లేదు. వాళ్ళు కోర్టు కాదు, తీర్పులివ్వరు. ఫిర్యాదు నమోదు చేసుకుని, కంపెనీకి పంపి, రాజీకి చూస్తారు.

అప్పటికీ కదలకపోతే? విశాఖలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 1986లో వచ్చిన పాత చట్టం స్థానంలో 2020 జులై 20 నుంచి 2019 చట్టం అమల్లో ఉంది. దాని ప్రకారం మనం నివాసముండే చోటే ఫిర్యాదు వేయవచ్చు. కంపెనీ ఢిల్లీలో ఉన్నా సరే, మనం గాజువాక దాటక్కర్లేదు. సరుకు ఖరీదు అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. కంప్యూటర్లో 'ఈ-జాగృతి' ద్వారా ఇంట్లో కూర్చునీ దాఖలు చేయవచ్చు. దుకాణాన్నీ, కంపెనీనీ ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చవచ్చు. అవసరమైతే కమిషనే సరుకుని పరీక్షకి లేబొరేటరీకి పంపుతుంది. పరీక్ష అక్కర్లేని కేసు మూడు నెలల్లో, పరీక్ష ఉంటే అయిదు నెలల్లో తేల్చడానికి చూడాలని చట్టంలో ఉంది. వాయిదాల సంగతి మన సినిమా రిలీజు డేట్లలాంటిదే, జరుగుతుంటుంది. కానీ మనవైపు గడువు ఒకటుంది, అది అంత తేలిగ్గా జరగదు. గొడవ పుట్టిన నాటి నుంచి రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయాలి. "మార్చి ఇస్తాం, మార్చి ఇస్తాం" అంటూ తిప్పే కేలండరు ఎందుకంత ప్రమాదమో ఇప్పుడు అర్థమైందా?

ఇంకో రహస్యం. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని దుకాణాల్లో బోర్డు వేలాడుతుంటుంది చూశారా? లోపమున్న సరుకు విషయంలో ఆ బోర్డు గోడకి అందమే గానీ చట్టానికి అడ్డం కాదు. బిల్లులో రాసిన గడువులోగా, ఏ గడువూ రాయకపోతే ముప్ఫై రోజుల్లోగా, లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరిస్తే దాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది ఇప్పటి చట్టం. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే.

ఉత్తరం వెళ్ళిన తొమ్మిదో రోజున ఓనరుగారి ఫోను. "అమ్మా, ఉత్తరాలెందుకమ్మా, ఒక్క మాట చెబితే సరిపోయేది కదా!" నాలుగు నెలల్లో ఆవిడ చెప్పిన మాటలు ఒక్కటని ఆయన లెక్క! ఆటో కిరాయి ఆరు వందలు పట్టుకుని మిగతాది ఇస్తానన్నాడు. "బిల్లు మీద ఎంతుందో అంత" అంది అక్కయ్య. రెండు రోజులు నసిగి, పదమూడు వేల అయిదు వందలూ బ్యాంకులో వేశాడు. ఇప్పుడు బావగారు వేరే చోట కొన్న పరుపు మీద పడుకుంటున్నారు. తూచే కొన్నారని వేరే చెప్పాలా?

ఇది శుభం కార్డు వేయాల్సిన చోటే. కానీ నా మనసులో ఒక్క ముల్లు మిగిలిపోయింది. అక్కయ్య ఇంటి నుంచి వెనక్కి వెళ్ళిన ఆ మూడు పరుపులూ ఏమయ్యాయి? వాటిని కోసి పారేశారా? లేక కొత్త గుడ్డ తొడిగి, కొత్త పాలిథిన్ చుట్టి, మరో ఇంటికి పంపారా? అసలు అక్కయ్యకి వచ్చిన రెండోదీ మూడోదీ అంతకుముందు ఎవరింట్లో గుంట పడి వచ్చాయో! ఈ ప్రశ్న ఆవిడకీ తట్టింది. అందుకే డబ్బు చేతికొచ్చాక కూడా 1915కి మళ్ళీ ఫోను చేసి, "నా సొమ్ము వచ్చింది. కానీ ఈ పరుపులు తూకం తక్కువ. ఆ సంగతి రికార్డులో ఉండనివ్వండి" అని చెప్పింది. ఆ మాట ఎంతవరకు పనిచేస్తుందో నేను చెప్పలేను. ఇలాంటి మాటలు పదిమందివి ఒకచోట చేరితే మాత్రం, వచ్చేవి ఒకటీ అరా చెడ్డ పరుపులు కాదని, సరుకే తక్కువదని అందరికీ తెలుస్తుంది.

మీ ఇంట్లో పరుపు ఎన్ని కిలోలు? పక్కింటివాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. కాటా ఖాళీగా ఉన్నప్పుడు ఓసారి తూచి చూడండి.

వచ్చేవారం మరో కబురుతో కలుద్దాం.